గొర్రె కొవ్వుతో పగుళ్ళ బామ్: ప్రాజెక్టు డైరీ

మటన్ చర్బీని కరిగించి, కడిగి, నువ్వుల నూనె, తేనెమైనం కలిపి చేసిన బామ్ ఇది. మడమల పగుళ్ళకు, మోచేతులకు, చలికి తెల్లబారే చేతులకు రాసుకోవడానికి. ముఖానికి కాదు. తొందర ఉన్నవాళ్ళు చివరి కొలతలు ఆరో దశలో చూసుకోవచ్చు గానీ, రెండో దశ చదవకుండా మాత్రం పొయ్యి వెలిగించొద్దు. బామ్ వాసనేస్తుందా లేదా అన్నది చర్బీ కొనేటప్పుడూ, కడిగేటప్పుడే తేలిపోతుంది. కలపడం అరగంట పని.

విదేశాల్లో ఇలాంటివి ఎక్కువగా ఆవు కొవ్వుతో చేస్తారు. ఆ కొలతలు యథాతథంగా దించుకుంటే ఇక్కడ కుదరదు. గొర్రె కొవ్వు దానికంటే గట్టిగా ఉంటుంది, వాసనా ఎక్కువే. పైగా అవి మన ఎండలకు లెక్కగట్టిన కొలతలు కావు. ఇక గొర్రే ఎందుకంటే, మా హనుమకొండలో ఏ గల్లీకి పోయినా దొరికేది అదే. 2019 పశుగణన ప్రకారం గొర్రెల్లో తెలంగాణది దేశంలోనే మొదటి స్థానం, 1.9 కోట్ల పైచిలుకు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఇన్ని గొర్రెలున్నచోట చర్బీకి కరువుండదు, మంచి చర్బీకే ఉంటుంది.

ఒకటో దశ: ఏ కొవ్వు?

మొదటి కిలో కొట్టులో ఆదివారం మధ్యాహ్నం మిగిలింది. వీపు మీది కొవ్వు, తొడ దగ్గరిది, పేగుల చుట్టూ ఉండేది, అన్నీ ఒకే కవర్లో. మాంసం ముక్కలు అంటుకునే ఉన్నాయి. నీళ్ళు పోయకుండా మందపాటి గిన్నెలో సన్న మంట మీద కరిగించాను. సన్న మంటే అనుకున్నాను గానీ థర్మామీటర్ పెట్టి చూస్తే అడుగున 134 డిగ్రీలు. అంటుకున్న మాంసం వేగి ఎర్రబడింది, కొవ్వు పసుపు రంగుకు తిరిగింది. వడకడితే 610 గ్రాములు వచ్చింది. వాసన మాత్రం అచ్చం వేపుడు. ఎన్నిసార్లు కడిగినా ఆ వేపుడు వాసన వదల్లేదు. మాడిన వాసన కొవ్వులోనే కరిగి ఉంటుంది కాబట్టి నీళ్ళతో పోదు. ఆ 610 గ్రాములు బామ్‌కు పనికిరావు. పార, గడ్డపారలు తుప్పు పట్టకుండా పూయడానికి, తోలు చెప్పులకు వాడుతున్నాం.

ఆ తర్వాత మటన్ కొట్టాయన్ని అడిగితే ఆయనే దారి చెప్పాడు: "గుర్దా చర్బీ కావాల్నంటే పొద్దున ఆరింటికి రా తమ్మీ. పది దాటినంక అన్నీ కలిసిపోతయి."

గుర్దాల చుట్టూ, అంటే మూత్రపిండాల చుట్టూ, గడ్డలా ఉండే ఆ కొవ్వు చూడగానే తెలిసిపోతుంది. తెల్లగా, పొడిగా ఉంటుంది. వేళ్ళతో నలిపితే జిడ్డుగా సాగదు, పొడిపొడిగా రాలుతుంది. మీద పల్చటి పొర తప్ప మాంసం ఉండదు. రెండు రకాల కొవ్వూ ఎక్కడ కరుగుతుందో కొలిచాను. థర్మామీటర్ మొనకు కొంచెం కొవ్వు పూసి, గడ్డకట్టాక నీళ్ళలో ముంచి, నీళ్ళను మెల్లగా వేడిచేస్తూ పూత జారిపోయే అంకె రాసుకోవడమే. ల్యాబ్ పద్ధతి కాదు, కానీ పోల్చుకోవడానికి చాలు.

- వీపు కొవ్వు: 43 డిగ్రీలు
- గుర్దా చర్బీ: 48 డిగ్రీలు

గట్టి కొవ్వు ఎందుకు మంచిదంటే, గొర్రె మాంసానికి ఆ ప్రత్యేకమైన వాసన తెచ్చే కొన్ని కొవ్వు ఆమ్లాలు చర్మం కిందుండే మెత్తటి కొవ్వులోనే ఎక్కువ. గుర్దా దగ్గరి కొవ్వులో తక్కువ.

ఇప్పటికి ఖర్చు: చర్బీ 120, థర్మామీటర్ 380. మొత్తం 500 రూపాయలు. బామ్‌కు పనికొచ్చే కొవ్వు: సున్నా.

రెండో దశ: నీళ్ళలో కరిగించడం, కడగడం

గుర్దా చర్బీ కిలోన్నర, కిలో 160 చొప్పున. అక్కడే ఖీమా మిషన్లో వేయించాను, దానికి ఇరవై. ముక్కలు చిన్నవైతే తక్కువ వేడికే కొవ్వు బయటికొస్తుంది. చాకుతో తరిగిన ముక్కలైతే లోపల కరగకుండానే పైన ఉడికిపోతాయి. మిషన్లో అంతకుముందు కొట్టిన ఖీమా ఉంటే ముందు దాన్ని కడిగించండి, లేకపోతే డబ్బులు పెట్టి కొన్న శుభ్రమైన చర్బీలో మళ్ళీ మాంసం కలుస్తుంది.

వంటింట్లో ఈ పని వద్దని ముందే తేలిపోయింది. "శనివారం పూట ఇంట్ల ఆ వాసనేందిరా, మేడ మీదికి తీస్కపో" అంది మా అమ్మ. పాత స్టీల్ గిన్నె, చిన్న స్టవ్ అప్పట్నుంచీ మేడ మీదే. నిజానికి అదే మేలు, గాలి ఆడుతుంది.

1. ఖీమా కొట్టిన చర్బీ 1,500 గ్రాములకు నీళ్ళు 750 మి.లీ., రాళ్ళుప్పు 30 గ్రాములు.
2. 90 నుంచి 95 డిగ్రీల మధ్య మూడు గంటలు. కుతకుత ఉడకనివ్వొద్దు. అడుగున నీళ్ళున్నంతసేపూ వేడి నూరు దాటదు, కాబట్టి మాడదు. నీళ్ళు తగ్గితే వేడినీళ్ళే పోయాలి.
3. స్టీల్ జల్లెడతో ఒకసారి, నాలుగు మడతల పాత పంచె గుడ్డతో ఇంకోసారి వడకట్టాలి. పిప్పిని గట్టిగా పిండొద్దు, పిండితే బూడిదరంగు మడ్డి కూడా దిగుతుంది.
4. రాత్రంతా వదిలేస్తే కొవ్వు పైన బిళ్ళలా పేరుకుంటుంది. బిళ్ళ తీసి, అడుగున అంటుకున్న బూడిదరంగు జిగురు పొరను చాకుతో పూర్తిగా గీకెయ్యాలి.

ఈ నాలుగో మెట్టు దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. ఆ జిగురు అంతా రక్తం, మాంసకృత్తుల మిగులు. ఒక అరచేతి వెడల్పు ముక్కను గీకకుండా పరీక్ష కోసం విడిగా మూతపెట్టి ఉంచాను. వారం తిరక్కుండానే కుళ్ళు వాసన మొదలైంది. గీకిన ముక్కలు అదే అల్మారాలో అలాగే ఉన్నాయి. మిగిలిన నీళ్ళు సింక్‌లో పోయొద్దు, పైపులో గడ్డకడుతుంది. చెట్టుకు పోద్దామన్నా ఉప్పు నీళ్ళు. రాత్రంతా పేరుకున్నాక పైన తేలే కొవ్వు ఏరి చెత్తబుట్టలో వేసి, తర్వాతే నీళ్ళు పారబోయండి.

ఈ తొలి వడకట్టులో వచ్చింది 1,130 గ్రాములు. మళ్ళీ అర లీటరు నీళ్ళు, 15 గ్రాముల ఉప్పుతో కరిగించి, కలిపి, పేరనిచ్చి, గీకడం రెండు వాయిలు. మిగిలింది 1,095.

ఇక్కడ వంటసోడా గొడవ. సోడా వేస్తే వాసన పోతుందని అందరూ చెప్పేదే. మాటలో నిజముంది: విడిపోయిన కొవ్వు ఆమ్లాలను సోడా సబ్బుగా మార్చి నీళ్ళలోకి లాగేస్తుంది. కానీ ఆ సబ్బే నూనెనూ నీళ్ళనూ కలిపేస్తుంది కూడా. ఒక టేబుల్ స్పూన్ వేసిన వాయి మొత్తం పాలలా తెల్లగా అయిపోయి, తెల్లారినా విడిపోలేదు. విరుగుడు ఉప్పే. మళ్ళీ 70 డిగ్రీలకు వేడిచేసి, 50 గ్రాముల ఉప్పు వేడినీళ్ళలో కరిగించి పోసి, గరిటె పెట్టకుండా వదిలేస్తే పొర విడింది. మధ్యలో సబ్బు నురుగు పొర ఒకటి మిగిలింది. దానితో పాటు 45 గ్రాముల కొవ్వు పోయింది. కిలో కొవ్వుకు పావు టీస్పూన్ సోడా చాలు. తాజా గుర్దా చర్బీ అయితే అసలు అవసరమే లేదని నా అభిప్రాయం. సోడా వేస్తే మాత్రం ఆ తర్వాత మంచినీళ్ళతో ఒక వాయి తప్పనిసరి, లేకపోతే అది చర్మాన్ని లాగేస్తుంది.

ఆఖరిది ఆరబెట్టడం. కొవ్వును 105 నుంచి 110 డిగ్రీలకు తెచ్చి, చిటపటలూ బుడగలూ పూర్తిగా ఆగేదాకా ఉంచాలి. ఇక్కడ నీళ్ళ రక్షణ ఉండదు కాబట్టి స్టవ్ వదిలి ఫోన్ మాట్లాడ్డానికి కూడా పోవద్దు. పక్కన గిన్నెకు సరిపోయే మూత పెట్టుకోండి. మంట అంటుకుంటే మూత వెయ్యడమే, నీళ్ళు చల్లితే మంట మీదికే ఎగుస్తుంది. నీరు పోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక చెంచాడు తీసి మరో చిన్న గరిటెలో వేడిచేయండి. చిటచిటమంటే ఇంకా నీరుంది.

ఇప్పటికి కొవ్వు: 1,040 గ్రాములు, అంటే కొన్న చర్బీలో 69 శాతం. 
ఖర్చు: చర్బీ 240, ఖీమా 20, ఉప్పు, సోడా 15. మొదటి దశతో కలిపి ఇప్పటిదాకా మొత్తం 775 రూపాయలు.

మూడో దశ: పాళ్ళు

ఉత్త గొర్రె కొవ్వు బామ్ కాదు. మటన్ కూర చల్లారాక గిన్నె అంచుకు తెల్లగా కట్టే పొర ఎలా ఉంటుందో చర్మం మీదా అలాగే ఉంటుంది. వేలితో తీయాలంటే గోరు పెట్టాలి. మన ఒళ్ళు పైన 32, 33 డిగ్రీలుంటే ఇది కరిగేది 48 దగ్గర, ఇక అది పారేదెట్లా? నూనె కలపాల్సిందే.

నూనెకు గానుగ నువ్వుల నూనె తీసుకున్నాను. ముక్కిపోకుండా కాపాడే సెసమోల్ లాంటివి దానిలోనే ఉంటాయి. పొద్దుతిరుగుడు నూనె త్వరగా ముక్కుతుంది. కొబ్బరినూనె 25 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి చలికాలం బామ్‌ను ఇంకా బిరుసు చేస్తుంది, ఎండాకాలం నీరు చేస్తుంది.

తేనెమైనం కొనేటప్పుడు జాగ్రత్త, పారఫిన్ కలుపుతారు. అసలు మైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల మధ్య. థర్మామీటర్ మొన పరీక్షే దీనికీ చేశాను. మొదటి కొట్టు మైనం 56 దగ్గరే జారింది, వెనక్కిచ్చేశాను. రెండోది 63.

అన్నీ 50 గ్రాముల లాట్లే. పెద్ద వాయి చేసి పాడుచేసుకోవడం కంటే ఇదే నయం.

- అ: కొవ్వు 50. గోరు పెడితే గానీ రాదు.
- ఆ: కొవ్వు 35, నూనె 15. మొదటి రోజు బాగుంది. తర్వాత రవ్వ కట్టింది.
- ఇ: కొవ్వు 30, నూనె 17, మైనం 3. వేలికి తేలిగ్గా వస్తుంది, చేతిలో రుద్దితే కరుగుతుంది.
- ఈ: కొవ్వు 25, నూనె 20, మైనం 5. కొంచెం బిర్రుగా ఉంది, రాసుకున్నాక చర్మం మీద ఎక్కువసేపు నిలుస్తుంది.

నాలుగు డబ్బాలనూ మేడ మీద రేకుల గదిలో మధ్యాహ్నమంతా ఉంచాను, లోపల 41 డిగ్రీలు. 'అ' చెక్కుచెదరలేదు. 'ఆ' పైన నూనె తేలింది. 'ఇ' మెత్తబడి డబ్బా వంచితే జారింది. 'ఈ' నిలబడింది. కాబట్టి చలికాలానికి 'ఇ', ఎండాకాలానికి 'ఈ'. రామగుండం, కొత్తగూడెం వైపు వాళ్ళు మైనం ఇంకో రెండు శాతం పెంచుకున్నా తప్పులేదు.

పరీక్షలకు పోయిన కొవ్వు 140 గ్రాములు. మిగిలింది 900. 
ఖర్చు: నూనె 220, మైనం 225, విటమిన్ ఇ నూనె 190, 0.1 గ్రాము తూగే చిన్న త్రాసు 450. మొత్తం 1,860 రూపాయలు.

నాలుగో దశ: రవ్వ

అన్నిటికంటే ఎక్కువ విసిగించింది ఇదే. పొద్దున వెన్నలా ఉన్న బామ్ మర్నాటికి వేలి కింద ఉప్మారవ్వలా తగులుతుంది. రాసుకుంటే కరిగిపోతుంది, నష్టమేమీ లేదు, కానీ ఎవరికైనా ఇస్తే పాడైపోయిందనుకుంటారు.

కారణం చల్లారే వేగం. కొవ్వులో స్టియరిక్, పామిటిక్ లాంటి గట్టి భాగాలు ముందు గడ్డకడతాయి, ఓలియిక్ లాంటి మెత్తటివి చివర్న. మెల్లగా చల్లారితే గట్టి భాగాలన్నీ ఒకచోట చేరి పెద్ద స్ఫటికాలు కట్టడానికి తీరిక దొరుకుతుంది. గబగబా చల్లార్చి, మధ్యలో కలుపుతూ ఉంటే చిన్నచిన్నవే కడతాయి, వేలికి తెలియవు. ఇంకో సంగతి: పాత స్ఫటికాలు పూర్తిగా కరగకపోతే కొత్తవి వాటినే పట్టుకుని పెరుగుతాయి. పైకి నీళ్ళలా కనపడినంత మాత్రాన అన్నీ కరిగినట్టు కాదు.

'ఇ' పాళ్ళనే మళ్ళీ మళ్ళీ కరిగించి చూసినవి:

- 60 డిగ్రీల దగ్గర డబ్బాలో పోసి, 30 డిగ్రీల గదిలో వదిలితే: నిండా రవ్వ.
- 75 దగ్గర పోసి నేరుగా ఫ్రిజ్‌లో పెడితే: రవ్వ లేదు, కానీ మధ్యలో గుంట, అంచున పగులు. పైన, పక్కల ముందు గట్టిపడి, లోపలిది తర్వాత కుంచించుకుపోవడం వల్ల.
- 75 దగ్గర పావుగంట ఉంచి, గిన్నెను ఐసు నీళ్ళలో పెట్టి కలుపుతూ 42కు దించి పోస్తే: నున్నగా వచ్చింది.

మూడో పద్ధతిలో చెయ్యి ఆపకూడదు. 50 డిగ్రీల దగ్గర గిన్నె అంచున తెల్లటి పొర కడుతుంది, అది మైనం. సిలికాన్ గరిటెతో అంచు గీకి మధ్యకు తోస్తూ ఉండాలి. కాసేపటికి మొత్తం మసకబారి చిక్కబడుతుంది. గరిటజారుగా వచ్చిన క్షణమే పొయ్యాలి. ఆలస్యమైతే డబ్బాలోకి జారదు, ముద్దలుగా పడి మధ్యలో గాలి బొక్కలు మిగులుతాయి. పోసిన డబ్బాలను ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు, ఫ్యాన్ కింద చాలు.

ఎగ్ బీటర్‌తో గిలక్కొట్టి నురగలా చేసే పద్ధతీ చూశాను. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మన వేడికి రెండు రోజుల్లో కుంగిపోయి సగం డబ్బా ఖాళీ అవుతుంది. లోపల గాలి ఎక్కువ కాబట్టి ముక్కిపోయే అవకాశమూ ఎక్కువే. వద్దు.

ఐసుకు 20. మొత్తం 1,880 రూపాయలు.

ఐదో దశ: వాసన

డబ్బా తెరిస్తే వాసన రాదు, రాసుకున్న పది నిమిషాలకు వస్తుంది. అందుకే పరీక్ష డబ్బా మీద చెయ్యకూడదు. మణికట్టు లోపలి వైపు రాసి, పైన చొక్కా చెయ్యి దించి, పది నిమిషాలాగి వాసన చూడాలి. మీ ముక్కుకు ఇప్పటికే అలవాటైపోయి ఉంటుంది. ఇంట్లో ఇంకొకరిని చూడమనండి.

లావెండర్ నూనె అర శాతం వేసిన లాట్‌ను మా చెల్లెలు చూసి, "పూలు పెట్టుకొని మటన్ కొట్టుకు పోయినట్టుందిరా అన్నా" అంది. సువాసన వేస్తే కింది వాసన పోదు, రెండూ కలిసి మూడోది తయారవుతుంది. నిమ్మగడ్డి నూనె గట్టిగా కప్పింది గానీ పగిలిన మడమ మీద మంట పుట్టించింది.

చివరికి పనిచేసినవి మూడు. పొద్దున కోసిన చర్బీని ఆ పూటే కరిగించడం. ఉప్పు నీళ్ళ వాయిలు. కొవ్వు పాలు అరవై శాతం దాటనివ్వకపోవడం. వీటి తర్వాత మిగిలే కొద్దిపాటి వాసనకు వట్టివేళ్ళు సరిపోయాయి. ఎండలో గలగలలాడేలా ఎండబెట్టిన వేళ్ళు 20 గ్రాములు ముక్కలుగా కత్తిరించి, నువ్వుల నూనె 200 మి.లీ.లో వేసి, 60 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి వడకట్టాను. ఘాటుండదు, మట్టివాసన. వేళ్ళు నూనె పీల్చుకుంటాయి కాబట్టి చేతికి తక్కువ వస్తుంది. తూచుకుని వాడండి.

ఆరో దశ: డబ్బాలు, వాడకం

చలికాలం లాట్, 500 గ్రాములకు:

1. గొర్రె కొవ్వు 300 గ్రాములు, వట్టివేళ్ళ నువ్వుల నూనె 167, తేనెమైనం 30, విటమిన్ ఇ నూనె 3.
2. కొవ్వు, మైనం, నూనె కలిపి నీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి 75 డిగ్రీలకు తేవాలి. పావుగంట అక్కడే.
3. ఐసు నీళ్ళలోకి మార్చి కలపాలి. 50 దగ్గర విటమిన్ ఇ.
4. 42 దగ్గర, గరిటజారుగా ఉన్నప్పుడు పొయ్యాలి.

నీళ్ళ గిన్నె ఆవిరి మీద ఓ కన్నుండాలి. ఒక పరీక్ష లాట్‌లో మూత మీది ఆవిరి చుక్కలు లోపల పడ్డాయి. కొన్నాళ్ళకు డబ్బా అడుగున నల్లటి బూజు చుక్కలు. నీరు లేని బామ్‌కు బూజు మందు అక్కర్లేదు, నీరు చేరిందా ఏ విటమిన్ ఇ కాపాడదు. అది కొవ్వు ముక్కకుండా చూస్తుందంతే. గిన్నెకు మూత పెట్టొద్దు, తడి వేలు డబ్బాలో పెట్టొద్దు.

డబ్బాలు అల్యూమినియంవి, ఒక్కోదానిలో 25 గ్రాములు. గిన్నెకు, గరిటెకు అంటుకున్నది పోను 19 డబ్బాలు నిండాయి. రాగి, ఇత్తడి, ఇనుము గిన్నెలు వాడొద్దు, రాగీ ఇనుమూ తగిలితే కొవ్వు త్వరగా ముక్కుతుంది. మరి ఆయుర్వేదంలో శతధౌత ఘృతం కోసం నెయ్యిని రాగి పాత్రలోనే కదా నూరుసార్లు కడిగేది అంటే, అది వేరే పద్ధతి, వేరే పదార్థం. మాంసపు కొవ్వు ముట్టనివాళ్ళకు మంచి దారి కూడా అదే. మూత మీద 'గొర్రె కొవ్వుతో చేసినది' అని పెద్ద అక్షరాలతో రాశాను. చెప్పకుండా ఎవరికీ ఇవ్వొద్దు. శనివారం గుడ్డు కూడా ముట్టని ఇళ్ళు మన దగ్గర ఎన్ని లేవు!

మా నాన్న మడమలకు పోల్చి చూశాం. రాత్రి కాళ్ళు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, తుడిచి, ఎడమ కాలికి ఈ బామ్, కుడి కాలికి మామూలు పెట్రోలియం జెల్లీ, పైన సాక్సులు. రెండు కాళ్ళకూ కలిపి 2 గ్రాములు చాలు. నెలయ్యేసరికి రెండు మడమలూ ఒకేలా మెత్తబడ్డాయి. ఎడమది మెరుగని చెప్పలేను. ఆయనకు మాత్రం బామే నచ్చింది, జెల్లీ పక్కబట్టలకు జిడ్డంటిస్తుందట. డబ్బు మిగులుతుందనుకుంటే మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, జెల్లీయే చవక.

మొదటిసారి వాడేవాళ్ళు మోచేతి మడత లోపల వారం రోజులు రెండు పూటలా రాసి, దద్దురు రాకపోతేనే మిగతాచోట వాడండి. మొటిమల ముఖానికి, రక్తమొచ్చే పగుళ్ళకు, పసిపిల్లలకు వద్దు. షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళ పగుళ్ళు డాక్టర్ చూడాల్సినవి.

ఖర్చు: డబ్బాలు 280, వట్టివేళ్ళు 40. మొత్తం 2,200 రూపాయలు. మళ్ళీ వాడుకునే థర్మామీటర్, త్రాసు 830 తీసేస్తే 1,370. అందులో పనికిరాని మొదటి కిలో చర్బీ కూడా ఉంది. గ్యాస్ లెక్క వెయ్యలేదు.

మిగిలిన కొవ్వు 600 గ్రాములు, గాలి చొరకుండా కట్టి ఫ్రీజర్‌లో ఉంది. ఎండలు ముదిరాక దాంతో 'ఈ' పాళ్ళలో లాట్ చేసి, సగం డబ్బాలు రేకుల గదిలో, సగం ఇంట్లో పెట్టి ఎన్నాళ్ళకు ముక్కుతాయో చూసి రాస్తాను.